అయిదు డిగ్రీలకు తగ్గకుండా

ఆ ఏడాది పట్టణ విశేషాల డైరెక్టరేట్ వారికి చిన్న ఊళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మన చిన్న ఊళ్ల మీద కాదు, యూరప్‌లో ఉన్న చిన్న ఊళ్ల మీద. పెద్ద నగరాలన్నీ అందరూ చూసేశారనీ, వాటి ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలు ఇప్పుడు కిళ్లీకొట్టు గోడల మీద కూడా ఉన్నాయనీ, నలుగురికీ పేరు తెలియని ఊరికి వెళ్లి అక్కడి వింత చూసి రావడమే ఈ కాలపు గొప్పతనమనీ పై అధికారి ఒకరు విమానంలో ఇచ్చిన పత్రికలో చదివారట. ఆ పత్రిక చదివినవాళ్లు చాలామందే ఉంటారు. చదివి సర్క్యులర్ వేసింది మాత్రం ఆయన ఒక్కరే.

సర్క్యులర్ సారాంశం ఇది. ప్రతి మునిసిపాలిటీకీ యూరప్‌లోని ఒక అప్రసిద్ధ పట్టణాన్ని లాటరీ తీసి జత చేస్తారు. మునిసిపాలిటీ నుంచి నలుగురు వెళ్లి అక్కడి వింతలను అధ్యయనం చేయాలి. తిరిగొచ్చిన తొంభై రోజుల్లో తమ ఊళ్లో ఉన్న వింత ఏదో గుర్తించి, ఫారం-7 నింపి పంపాలి. వింత లేని ఊరిని "నిర్విశేష పట్టణం"గా ప్రకటిస్తారు. నిర్విశేష పట్టణానికి చైర్మన్ ఎందుకుండాలో ఆ చైర్మనే రాతపూర్వకంగా వివరించుకోవాలి.

ఈ చివరి వాక్యం చదివాక జీలుగుపాడు మునిసిపల్ చైర్మన్ బుల్లిరాజు గారికి యూరప్ మీద భక్తి కలిగింది. లాటరీలో జీలుగుపాడుకు వ్రెన్‌బుర్గ్ అనే ఊరు తగిలింది. ఆ పేరు పలకడానికి ఆయన రెండు రోజులు గట్టిగా ప్రయత్నించి, మూడో రోజు నుంచి "ఆ ఊరు" అనడం మొదలుపెట్టారు. బృందంలో ఆయన, కమిషనర్ విజయసారథి గారు, పౌరసమాజ ప్రతినిధి హోదాలో చైర్మన్ గారి బావమరిది, నాలుగో మనిషిగా మంచినీటి విభాగం అసిస్టెంట్ ఇంజనీరు కొప్పిశెట్టి మాణిక్యాలరావు.

మాణిక్యాలరావుకు ఏ ఊరూ చూడాలని లేదు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఆయన తల ఎత్తి చూసినది ఒక్కటే, పద్నాలుగో వార్డులోని వాటర్ ట్యాంకు. నల్లరేగడి నేల మీద ఎనిమిది కాళ్లతో కట్టారు దాన్ని. ఒక వైపు నేల కుంగింది. ట్యాంకు దక్షిణానికి ఒరిగింది. దక్షిణాన, సరిగ్గా అది పడితే ఎక్కడ పడుతుందో అక్కడ, అంగన్‌వాడీ బడి ఉంది. ఇరవై ముగ్గురు పిల్లలు. ఆయన నెలకోసారి తాడుకు గుండు కట్టి వేలాడదీసి వంపు కొలుచుకునేవాడు. పదకొండేళ్ల కిందట ఒకటిన్నర డిగ్రీ ఉండేది, ఇప్పుడు రెండు దాటింది.

పదకొండేళ్లుగా ట్యాంకు పడగొట్టమని ఆయన ఫైలు పెడుతూనే ఉన్నాడు. ఫైలు ప్రతి ఏడూ ఒక ప్రశ్నతో తిరిగొచ్చేది. ట్యాంకు ఏ తేదీన వంగినది? వంగుటకు ముందు అనుమతి తీసుకొనబడినదా? వంగినట్లు నిర్మించిన కాంట్రాక్టరు నుంచి ధృవపత్రం జతపరచబడినదా? ఆ కాంట్రాక్టరు చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఆ సంగతి రాస్తే, మరణ ధృవపత్రం జతపరచలేదని మళ్లీ వచ్చింది. అంగన్‌వాడీనైనా ఇంకో చోటికి మార్చమంటే అది వేరే శాఖ, వాళ్ల ఫైలు వేరే బీరువాలో ఉంది.

సాంకేతిక ఉద్యోగి సంతకం లేకపోతే యాత్రా నివేదిక చెల్లదని సర్క్యులర్‌లో ఉంది కాబట్టి కమిషనర్ గారు ఆయన్ని పిలిచి రమ్మన్నారు. మాణిక్యాలరావు నసిగాడు. తిరిగి రాగానే ట్యాంకు ఫైలు మీద సంతకం పెడతానని కమిషనర్ గారు మాటిచ్చారు. ఆ మాట కోసం మాణిక్యాలరావు విమానం ఎక్కాడు.

వ్రెన్‌బుర్గ్ ఎనిమిది వేల మంది ఉండే ఊరు. వాళ్లలో ఏడు వేల మంది వీళ్లను చూడటానికి వస్తారని బుల్లిరాజు గారు పట్టు కండువాతో దిగారు. స్టేషన్‌కు ఒక్క మనిషి వచ్చాడు, సైకిల్ మీద. ఆయనే అక్కడి మేయరు. వీళ్ల సామాను ఆయనే చేతిబండి మీద వేసి తోసుకుంటూ హోటలుకు చేర్చాడు. ఇంత హోదా లేని మేయరుతో జంట పట్టణం ఒప్పందం చేసుకోవచ్చా అన్న సందేహం బావమరిదికి వచ్చింది. అప్రసిద్ధ పట్టణం అన్నాక మేయరు కూడా అప్రసిద్ధుడే ఉంటాడని కమిషనర్ గారు సర్దిచెప్పారు.

మొదటి రోజు గ్లౌజుల మ్యూజియానికి తీసుకెళ్లారు. వీధుల్లో ఎవరో పారేసుకున్న ఒంటి గ్లౌజులు అద్దాల పెట్టెల్లో వరసగా ఉన్నాయి. ఏ వీధిలో, ఏ రోజున దొరికిందో ఒక్కోదాని కింద చీటీ. తొంభై ఏళ్ల సేకరణ. దాన్ని చూసుకునే ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది, నిద్రపోతున్నవాళ్లెవరో పక్కన ఉన్నట్టు. రెండోది ఎక్కడని బుల్లిరాజు గారు అడిగారు. రెండోది తెచ్చినవాళ్లకు మొదటిది ఇచ్చి పంపేస్తామనీ, ఇన్నేళ్లలో అలా పదకొండుసార్లు జరిగిందనీ, ఆ రోజుల్లో ఊరంతా పండగ చేసుకుంటుందనీ ఆవిడ చెప్పింది. పెళ్లి హాలు బయట మిగిలిపోయిన ఒంటి చెప్పులతో జీలుగుపాడులో దీనికి రెట్టింపు మ్యూజియం పెట్టొచ్చని చైర్మన్ గారు లెక్క కట్టారు. కమిషనర్ గారు రాసుకున్నారు.

రెండో రోజు వంతెన. మూడు కమానుల రాతి వంతెన, దాని కింద ముల్లంగి తోట. రెండు వందల ఏళ్ల కిందట ఏరు దారి మార్చుకుని అరమైలు అవతలికి పోయిందట. వంతెన మాత్రం ఎక్కడికీ పోలేదు. పక్కనుంచి నడిచి వెళ్లొచ్చు, కానీ ఊళ్లోవాళ్లు వంతెనెక్కే దాటుతారు. పొలానికి వెళ్లే ముసలాయన ఒకడు వీళ్ల కళ్ల ముందే ఆయాసపడుతూ ఎక్కి, ఆయాసపడుతూ దిగి, ముల్లంగి పీకడం మొదలుపెట్టాడు. బుల్లిరాజు గారు చాలాసేపు చూశారు. చూసి, "ఆళ్లకి ఏరు లేని వంతెనుందండి. మనకి వంతెన లేని ఏరుంది. ఇంతకన్నా ఈడూ జోడూ ఏం కావాలండి," అన్నారు. ఆ ఏటి మీద వంతెన కట్టమని జీలుగుపాడు జనం పాతికేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. ఆ అర్జీలకు ఆ పూటతో సమాధానం దొరికింది.

మూడో రోజు గంట గోపురం. అది వంగి ఉంది. నాలుగు డిగ్రీలని కింద పలక మీద చెక్కి ఉంది. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి, చేతులు ముందుకు చాచి గోపురాన్ని ఆపుతున్నట్టు ఫోటోలు తీయించుకుంటున్నారు. చైర్మన్ గారూ, కమిషనర్ గారూ, బావమరిదీ కండువాలు సర్దుకుని వరసలో నిలబడ్డారు. మాణిక్యాలరావు మాత్రం గోపురం వెనక్కి వెళ్లాడు. వంగినదాన్ని చూస్తే ముందు పునాది చూడాలనిపించే జబ్బు ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

వెనక చిన్న తలుపు. లోపల ఇల్సె అనే డెబ్భై ఏళ్లావిడ స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకంలో ఏదో రాస్తోంది. ఆవిడ ఇంగ్లీషూ ఈయన ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఇద్దరూ బాగానే మాట్లాడుకున్నారు. పునాది కింద దించిన ఇనుప కడ్డీలు చూపించింది. పగులు మీద అతికించిన గాజు పలకలు చూపించింది, గోడ వెంట్రుకవాసి కదిలినా అవి చిట్లిపోతాయి. ప్రతి గురువారం తను వచ్చి కొలుస్తుందట. తనకు ముందు వాళ్ల నాన్న కొలిచేవాడట. నలభై ఏళ్లుగా అంకె మారలేదు. గోపురం వంగినట్టు కనిపించేది జనం కోసమేననీ, లోపల మాత్రం అది ఊళ్లో అన్నిటికన్నా గట్టిగా నిలబడి ఉందనీ చెప్పింది. ఈ గోపురం కింద ఒకప్పుడు బడి ఉండేదట. కడ్డీల కన్నా, కొలతల కన్నా ముందు, మొట్టమొదట చేసిన పని ఆ బడిని మార్చడం.

మాణిక్యాలరావు తన ట్యాంకు బొమ్మ గీసి చూపించాడు. దాని కింద ఏముందని ఆవిడ అడిగింది. పిల్లలని చెప్పాడు. ఇల్సె పెన్సిల్ కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. తనను తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది, ఆవిడ తిట్టలేదు. ముందు నీళ్లు వదిలెయ్యమని మాత్రం చెప్పింది.

ఆయన బయటికి పరుగెత్తుకొచ్చి కమిషనర్ గారికి ఇదంతా చెప్పాడు. కమిషనర్ గారు గోపురాన్ని మోస్తున్న భంగిమలో ఉన్నారు. కదిలితే ఫోటో చెడుతుందని, ఊరెళ్లాక మాట్లాడుకుందామన్నారు. నివేదికలో గోపురం గురించి ఒక్క వాక్యమే వచ్చింది: "ఆకర్షణకు కారణం: వంగి ఉండుట." కడ్డీలు, గాజు పలకలు, గురువారాల గురించి మాణిక్యాలరావు రాసిచ్చిన రెండు పేజీలకు ఫారంలో గడి లేదు.

ఊరొచ్చిన వారానికి కౌన్సిల్ సమావేశం పెట్టి వింత వెతికారు. ఎప్పుడూ ఎర్రగానే వెలిగే ట్రాఫిక్ సిగ్నల్‌ను ఒకరు ప్రతిపాదించారు. వంతెన లేని ఏటిని చైర్మన్ గారు ప్రతిపాదించారు. ఏటి పక్కన నిలబడి లేనిదాన్ని ఫోటో తీయడం కష్టమని వీగిపోయింది. అప్పుడు పౌరసమాజ ప్రతినిధి కిటికీలోంచి చూపించాడు. అక్కడినుంచి ట్యాంకు బాగా కనిపిస్తుంది, వంపుతో సహా.

మాట తప్పారని కమిషనర్ గారిని అనడానికి లేదు. ఆ సాయంత్రమే ట్యాంకు ఫైలు తెప్పించి సంతకం పెట్టారు. మరమ్మతుల సెక్షన్ నుంచి దాన్ని విశేషాల సెక్షన్‌కు బదిలీ చేస్తూ పెట్టారు. మార్గదర్శకాల్లో పదకొండో నిబంధన ప్రకారం, వింతకు మూలమైన స్థితిని తొలగించుట, సరిచేయుట, సరిచేయుటకు ప్రయత్నించుట నిషిద్ధం. మాణిక్యాలరావు ఇల్సె మాట తలచుకుని ట్యాంకులో నీళ్లు వదిలేయించాడు. ఆ వార్డుకు లారీల్లో నీళ్లు పంపాడు. ఆ ధైర్యం ఎనిమిది రోజులు నిలిచింది.

తొమ్మిదో రోజు డైరెక్టరేట్ నుంచి ప్రత్యేకాధికారి చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, నెమ్మదైన గొంతు. ట్యాంకు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి చూసి, అది ఖాళీగా ఉందని తెలిసి నొచ్చుకున్నారు.

"ఖాళీ ట్యాంకు వంగడంలో విశిష్టత ఏముంది ఇంజనీరు గారూ? పూర్తి సామర్థ్యంతో సేవలందిస్తూ వంగి ఉండాలి. అప్పుడే అది సజీవ వింత," అన్నారు.

ఇది లోపమనీ, పడితే కింద పిల్లలున్నారనీ మాణిక్యాలరావు చెప్పబోయాడు. లోపమన్న మాటను డైరెక్టరేట్ గత ఏప్రిల్ నుంచి వాడటం లేదనీ, దాన్ని ఇప్పుడు విశిష్ట స్థితి అంటున్నామనీ చక్రపాణి గారు ఓపికగా తెలియజేశారు. పిల్లల మాట వినగానే మాత్రం ఆయన ముఖం విప్పారింది. ట్యాంకు ఎత్తు ఫోటోలో తెలియాలంటే పక్కన చిన్న ఆకారాలు ఉండాలి. వ్రెన్‌బుర్గ్‌లో ఆ పని సందర్శకులు తామే చేసుకుంటున్నారు. ఇక్కడ సందర్శకులు ఇంకా రాలేదు కాబట్టి, వచ్చేదాకా అంగన్‌వాడీ బాలబాలికలు రోజూ పదిన్నర నుంచి పదకొండు వరకు బడి వాకిట్లో నిలబడి చేతులెత్తి ట్యాంకును ఆపుతున్నట్టు ఉండాలని ఆదేశమిచ్చారు. దానికి "ఆధార భంగిమ" అని పేరు పెట్టారు. ఆ మధ్యాహ్నమే ట్యాంకు నిండా నీళ్లు ఎక్కించారు.

ఆ తర్వాత జీలుగుపాడులో పనులు మానెయ్యడం సులువైపోయింది. మురుగుకాలువ పొంగిందని వస్తే అది ప్రవాహ విశేషమన్నారు. రోడ్డు మీద గుంతలు పూడ్చమంటే, వాటికి నంబర్లు వేసి చుట్టూ సున్నం గీశారు. ఊరిజనం మొదట నవ్వుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. పరాయి ఊరి చుట్టాలొస్తే పదిహేడో నంబరు గుంత దగ్గర నిలబడి వర్ణించి చెప్పేవాళ్లు కూడా తయారయ్యారు.

మాణిక్యాలరావు రోజూ పదిన్నరకు అంగన్‌వాడీ దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. అక్కడ నిలబడి చెయ్యగలిగింది ఏమీ లేదని ఆయనకు తెలుసు. పైనుంచి చుక్క చుక్కగా నీళ్లు కారుతుండేవి. టీచర్ సువార్తమ్మ పిల్లల్ని వాకిట్లో కాక వీలైనంత ఇవతల, రోడ్డు వారగా నిలబెట్టేది. ఆమెకు ఆ ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదు. ఆదేశం కాదంటే రెండో రోజే ఇంకొకరిని తెచ్చి నిలబెట్టిస్తారని, తనైతే కనీసం పిల్లల్ని దూరంగా ఉంచుతానని ఒకసారి ఆయనతో అంది. ఒక రోజు పదకొండు దాటింది, పిల్లలు లోపలికి వెళ్లి అన్నాలకు కూర్చున్నారు. నాలుగేళ్ల బ్లెస్సీ మాత్రం ఇంకా చేతులెత్తుకుని వాకిట్లోనే నిలబడి ఉంది.

"రమ్మంటే రాట్లేదండి," అంది సువార్తమ్మ. "'నేను చేతులు దించేత్తే ట్యాంకు పడిపోద్దంట కదా టీచరూ, ఇంకెవరైనా వచ్చి పట్టుకుంటేగానీ రాను' అంటంది. నిన్న కూడా ఇంతేనండి. అన్నం నోట్లో పెట్టబోతే చేతులు దించకుండానే నోరు తెరిచింది. నాకు చెప్పడం చేతకావట్లేదండి. పడదులే అని నేనెలా చెప్పనండి దానికి?"

మాణిక్యాలరావు వెళ్లి ఆ పిల్ల వెనక నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. తను పట్టుకున్నానని చెప్పాడు. బ్లెస్సీ ఆయన చేతులు సరిగ్గా ఎత్తాడో లేదో వెనక్కి తిరిగి చూసుకుని, లోపలికి పరుగెత్తింది. యాభై ఏడేళ్ల ఇంజనీరు ఆ ఎండలో చేతులెత్తుకుని నిలబడి ఏడ్చాడు. అటుగా వెళుతున్న ఒకాయన ఆగి ఫోటో తీసుకున్నాడు.

ఆ నెలాఖరులో డైరెక్టరేట్ వారు వింతల ర్యాంకులు ప్రకటించారు. వంపు విభాగంలో పక్క పట్టణంవాళ్ల హైస్కూలు ప్రహరీ మూడున్నర డిగ్రీలతో పైన ఉంది. జీలుగుపాడు ట్యాంకు రెండుతో అట్టడుగున ఉంది. బుల్లిరాజు గారు భోజనం మానేశారు. కమిషనర్ గారు అత్యవసర సమీక్ష పెట్టారు. జంట పట్టణానికి నాలుగుండగా మనకు రెండుండటం మన ఊరికే కాదు, రాష్ట్రానికే తలవంపులని అన్నారు. మార్చి ముప్ఫై ఒకటి లోగా ట్యాంకు వంపును పెంచాలని, అది "అయిదు డిగ్రీలకు తగ్గకుండా" ఉండాలని, అందుకు మంచినీటి విభాగం వెంటనే ప్రతిపాదన సమర్పించాలని మినిట్స్‌లో రాయించారు.

అయిదు డిగ్రీలంటే ట్యాంకు బడి మీద ఉంటుంది. మాణిక్యాలరావు ఆ సమావేశంలో ఇది చెప్పాడు. ప్రతికూల దృక్పథం అన్న మాట మినిట్స్‌లో ఆయన పేరు పక్కన చేరింది.

ఆయన ఇంటికి వెళ్లలేదు. కొబ్బరిచెట్లు నరికే సూరిబాబు ఇంటికి వెళ్లాడు. ఇంటి మీదకు ఒరిగిన చెట్టును పెంకు కూడా చెదరకుండా ఎదటి దొడ్లోకి పడెయ్యడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. వంగిన చెట్టును వంగని వైపుకు ఎలా పడేస్తావని మాణిక్యాలరావు అడిగాడు.

"చెట్టు ఎటు ఒరిగితే అటే పడుద్దనుకుంటారండి అందరూ," అన్నాడు సూరిబాబు. "కాదండి. ఒరిగినేపు ముందు గట్టిగా పోటుకర్ర ఆనించాలండి. మనకి పడాల్సినేపు గాటెట్టాలండి. పైన తాడేసి దూరంగా నిలబడి మెల్లగా లాగాలండి. మనం చెప్పినట్టు పడాలండి అది. లేపోతే ఈపాటికి ఈ ఊళ్లో పెంకుటిల్లనేది మిగిలేది కాదండి, ఆయ్."

మర్నాడు మాణిక్యాలరావు ప్రతిపాదన పెట్టాడు. పని పేరు: "పద్నాలుగో వార్డు వాటర్ ట్యాంకు వంపు పెంపు." కావలసినవి: పని జరిగే వారం రోజులూ ట్యాంకులో నీళ్లు ఉండరాదు, అంగన్‌వాడీ మూసి ఉంచాలి, చుట్టూ మనుషులు తిరగరాదు, ఉక్కు తాళ్లు, రెండు ప్రొక్లెయిన్లు, దక్షిణం వైపు కాళ్లకు దుంగలతో పోటు. పదకొండేళ్లుగా ఇవే అడుగుతూ వచ్చాడాయన. అన్నీ నాలుగు రోజుల్లో మంజూరయ్యాయి. వేరే శాఖవాళ్ల వేరే బీరువా కూడా తెరుచుకుంది, అంగన్‌వాడీని వారం రోజులు కమ్యూనిటీ హాలుకు మార్చమని కాగితం వచ్చింది. చక్రపాణి గారు ఒక్క షరతు పెట్టారు. ట్యాంకు తన సహజ దిశలోనే, అంటే దక్షిణానికే వంగవలెను, దిశ మారితే విశిష్టతకు భంగం. మాణిక్యాలరావు డ్రాయింగులో దక్షిణానికి బాణం గుర్తు వేసి ఇచ్చాడు. సర్వీసంతటిలో ఆయన గీసిన తప్పుడు బాణం అదొక్కటే.

ఆదివారం పొద్దున్నే సూరిబాబు, అతని మనుషులు దిగారు. దక్షిణం కాళ్లకు దుంగలు తొడిగి బిగించారు. ఉత్తరం కాళ్లకు కాంక్రీటు చెక్కి గాట్లు పెట్టారు. ట్యాంకు మెడకు ఉక్కు తాళ్లు చుట్టి, ఉత్తరాన ఖాళీ స్థలంలో బాగా దూరంగా నిలబెట్టిన ప్రొక్లెయిన్లకు కట్టారు. చైర్మన్ గారు తొమ్మిదింటికి కొబ్బరికాయ కొట్టడానికి వస్తామన్నారు. మాణిక్యాలరావు ఏడుంబావుకే చెయ్యి ఊపాడు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత ట్యాంకు నిటారుగా అయింది. జీలుగుపాడులో పాతికేళ్ల లోపు వాళ్లెవరూ దాన్ని అలా చూడలేదు. ఒక్క క్షణం అది కొత్తగా కట్టినట్టు తిన్నగా నిలబడింది. ఆ తర్వాత అది ఉత్తరానికి ఒరిగి, ఆగకుండా ఒరిగి, నేల మీద పడింది. ధూళి లేచింది. ధూళి తగ్గాక చూస్తే బడి గోడ మీద రాసిన అక్షరాలు కూడా చెక్కు చెదరలేదు. రోడ్డు మీద నిలబడి ఉన్న సువార్తమ్మ అక్కడే మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేసుకుంది. సూరిబాబు తాళ్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

తొమ్మిదింటికి కొబ్బరికాయతో వచ్చిన చైర్మన్ గారు దాన్ని మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు. కమిషనర్ గారు మాణిక్యాలరావును ఉద్యోగంలోంచి తీసేస్తానన్నారు, జైలుకు పంపిస్తానన్నారు. మాణిక్యాలరావు మినిట్స్ కాగితం తీసి ఇచ్చాడు. అయిదు డిగ్రీలకు తగ్గకుండా అని ఉంది. తను కొలిచి చూశానని, తొంభై వచ్చిందని, తగ్గలేదని మర్యాదగా విన్నవించాడు. కమిషనర్ గారు ఆ కాగితాన్ని, నేల మీద పడుకున్న ట్యాంకును మార్చి మార్చి చూశారు. తర్వాత డైరెక్టరేట్‌కు ఫోన్ చేశారు.

అరగంట తర్వాత అక్కడినుంచి చక్రపాణి గారి గొంతు ఉత్సాహంగా వినిపించింది. యూరప్‌లో ఏ అప్రసిద్ధ పట్టణంలోనూ, ప్రసిద్ధ పట్టణంలోనూ తొంభై డిగ్రీల వంపు లేదు. ఇది రికార్డు. వారం తిరక్కుండానే జీలుగుపాడు మొదటి ర్యాంకుకు వచ్చింది. బుల్లిరాజు గారికి శాలువా కప్పారు, కమిషనర్ గారికి జ్ఞాపిక ఇచ్చారు. "శయన ట్యాంకు" అని బోర్డు పెట్టి, కదపరాదని కింద రాశారు. పక్క పట్టణంవాళ్లు ప్రహరీ పడగొట్టేసి ర్యాంకు అడిగితే, ఎత్తు చాలదని తిప్పికొట్టారు. అంగన్‌వాడీ మళ్లీ తెరిచారు. ఆపడానికి ఏమీ లేదు కాబట్టి ఆధార భంగిమ రద్దయింది. పిల్లలు పదిన్నరకు అక్షరాలు దిద్దుకుంటున్నారు.

నెల తర్వాత మాణిక్యాలరావుకు మెమో వచ్చింది. వంపు పరిమాణం విషయంలో డైరెక్టరేట్‌కు ఆక్షేపణ లేదు. అయితే తనిఖీ బృందం దిక్సూచితో పరిశీలించగా, ఆమోదిత డ్రాయింగుకు విరుద్ధంగా ట్యాంకు ఉత్తర దిశలో పడి ఉన్నట్లు తేలినది. సహజ దిశను ఉల్లంఘించినందుకు క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి.

మాణిక్యాలరావు ఆ సాయంత్రం తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. నేల స్వభావం, తాళ్ల బలం, గాలి వాటం, వీటిలో దేన్నైనా అడ్డం పెట్టుకుని నాలుగు పేజీలు రాయగలడు, ముప్ఫై మూడేళ్లుగా రాస్తున్నాడు కూడా. ఈసారి రెండే వాక్యాలు రాశాడు. "దక్షిణం వైపు పిల్లలు ఉన్నారు. ఉత్తరం వైపు లేరు." సంతకం చేసి, తేదీ వేసి, తపాలాలో పెట్టాడు.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు. సదరు పిల్లలు ఏ తేదీ నుంచి, ఎవరి అనుమతితో దక్షిణం వైపు ఉన్నారో తగిన ధృవపత్రాలతో వెంటనే తెలుపవలెను.